పసుపు లైటు మీది చీటీ

పొద్దున ఏడు గంటలకు సుల్తానాబాద్ శివారులో తన సీడ్ ప్లాంటు గేటు ముందు కారు దిగేసరికే సంతోష్‌రావు నష్టం లెక్క సగం కట్టేశాడు. నిన్న సాయంత్రం నాలుగింటికి లేచిన గాలిదుమారం షెడ్డు మీది రేకులు నాలుగు ఎగరగొట్టింది. గేటు పక్కన కరెంటు స్తంభం ఒకటి ఒరిగింది. వేపకొమ్మ విరిగి ఆఫీసును ఆనుకున్న జనరేటర్ గది మీద పడింది గానీ లోపల జనరేటర్ క్షేమం. గోదాములోకి చుక్క నీరు రాలేదు. విత్తనం తడవనంతవరకు మిగతాదంతా రిపేరు కిందికే వస్తుంది, నష్టం కిందికి రాదని ఆయన లెక్క.

ఏ సంగతినైనా ఆయన రెండు వరుసల్లో చూస్తాడు. పోయింది ఒక వరుస, ఉన్నది ఒక వరుస. అన్నదమ్ముల పంపకాలప్పుడు కూడా అన్నలు ఏమేం పట్టుకుపోయారో ఆయన ఎక్కువసేపు చూడలేదు. తన వంతుకు మిగిలిన రాళ్ల చెలక పక్కనుంచి పెద్దపల్లి రోడ్డు పోతుందని చూశాడు. ఆ రాళ్ల మీదే ఇప్పుడీ ప్లాంటు నిలబడి ఉంది.

సూపర్‌వైజర్ కైలాసం ఎదురొచ్చాడు. పదేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్న మనిషి. మామూలుగా చేతులు వెనక్కి కట్టుకుని నింపాదిగా నడుస్తాడు. ఇవాళ చేతులు ముందున్నాయి.

"సార్, జనరేటర్ ఏసిన. కంప్యూటర్ లేస్తలేదు. అంటే... లేచింది గానీ..."

"లేచిందా, లేవలేదా? ఒక్కటి చెప్పు."

"లేచింది సార్. గానీ మక్కలు చూపెడ్తుంది."

సంతోష్‌రావు నడక ఆగింది. ఇది మే నెల ఆఖరు. గోదాము నిండా ఉన్నది యాసంగి వరి విత్తనం. మక్కల పని, అంటే మొక్కజొన్న విత్తనం పని, దసరా రోజులతోనే ముగిసింది.

ఆఫీసు గదిలోకి వెళ్లి చూశాడు. కైలాసం చెప్పింది నిజమే. తెర మీద వరుసగా మక్క లాట్లు ఉన్నాయి. పెద్దపల్లి వైపు రైతుల పేర్లు, తేమ శాతాలు, ఎండబెట్టిన వేడి అన్నీ పద్ధతిగా ఉన్నాయి. వరి మాత్రం ఒక్క గింజ లేదు. ఏడు నెలల పని అసలు జరగనట్టే ఉంది ఆ తెర.

గోదాములో అరవై మూడు లాట్లు ఉన్నాయి. ఒక్కో లాటు ఒక్కో రైతు పంట. నెట్టు కట్టిన సంచుల మీద నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. ఏ నంబరు ఎవరి పొలానిది, నూటికి ఎన్ని గింజలు మొలిచాయి అన్నది కంప్యూటర్‌కే తెలుసు. మధ్యాహ్నం మూడింటికి విత్తన కంపెనీ లారీలు వస్తాయి. మొలక ఫలితం లేని లాటును కంపెనీవాళ్లు ముట్టరు. మళ్లీ పరీక్ష పెడితే పద్నాలుగు రోజులు. రోహిణి కార్తె నడుస్తోంది, నారు పోసే రోజులు తలుపు దగ్గరికి వచ్చాయి. కంపెనీ పద్నాలుగు రోజులు ఆగదు, ఇంకో ప్లాంటు చూసుకుంటుంది. ఇక్కడి సంచులు తిండి వడ్లుగా రైస్‌మిల్లుకు పోతాయి. పూత మీదున్నప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో తాడు లాగి, మగ వరుసల పుప్పొడి ఆడ వరుసల మీద రాలేలా చేసిన రైతుల కష్టం అన్నం మెతుకుల్లో కలిసిపోతుంది. 'విత్తనంగానే లేపుతా' అని వాళ్లకు మాటిచ్చింది సంతోష్‌రావే.

పరీక్ష ఫలితాలు రాసే కాగితపు రిజిస్టరు రెండేళ్ల కింద మాన్పించిందీ ఆయనే. ఒకే సంగతి రెండుచోట్ల రాయడం దండగని అప్పుడు లెక్కేశాడు. కంప్యూటర్లోనే రెండు డిస్కులున్నాయి కదా, ఇంక కాగితం ఎందుకని.

"దీపికమ్మకు ఫోన్ చెయ్యి," అన్నాడు కైలాసంతో. "లారీలకు ముందు లేవాలె అని చెప్పు. మిగతా పని బందు. ఆమె వచ్చేదాంక దీన్ని ఎవ్వరు ముట్టకుండ్రి."

"మేమెందుకు ముడ్తం సార్?" అన్నాడు కైలాసం గోడ వైపు చూస్తూ. కంప్యూటర్ వెనక గోడ మీద ఎర్రరంగుతో పెద్ద అక్షరాలు ఉన్నాయి: 'ఈ యంత్రమును ఎవరూ ముట్టరాదు.' రాయించింది సంతోష్‌రావు.

*

దీపిక తొమ్మిదిన్నరకు స్కూటీ మీద దిగింది. కరీంనగర్ మంకమ్మతోటలో కంప్యూటర్ రిపేరు దుకాణం ఆమెది. ముప్పై అయిదేళ్లుంటాయి. మాట తక్కువ, సంచి బరువెక్కువ. ఈ కంప్యూటర్ అమ్మింది ఆమె కాదు, హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంకెవరో. ఆమె ఈ పెట్టెను చూడటం ఇదే మొదటిసారి.

పెట్టె ముందు భాగంలో ఒకదాని కింద ఒకటి రెండు సొరుగులున్నాయి. ఒక్కో సొరుగులో ఒక్కో డిస్కు. ఆమె కింది సొరుగును వేలితో తట్టింది. దాని లైటు వెలగడం లేదు.

"ఇది సగం బయటికి వచ్చింది సార్. కొమ్మ పడ్డప్పుడు అదిరిందో ఏమో. కరెంటు పోయినంక దీన్ని చూడకుంట పైదాని మీదనే లేచింది."

"రెండూ ఒక్క తీరుగనే ఉండాలె గదా," అన్నాడు సంతోష్‌రావు. "అమ్మినాయన గదే చెప్పిండు. ఒకదాంట్ల రాస్తే రెండోదాంట్ల కూడా పడ్తది, అద్దంల చూసినట్టు అని."

"ఉండాలె సార్. ఉంటే మక్కలు ఎందుకు చూపెడ్తది?"

అప్పటికే గడప దగ్గర మల్లన్న వచ్చి కూర్చున్నాడు. అరవై ఏళ్ల రైతు. రెండెకరాల్లో ఆడా మగా విత్తనం వేసి, భార్యతో కలిసి పదిహేను రోజులు తాడు లాగాడు. ఆయనది ఆఖరి లాటు, అరవై మూడోది. నిన్న సాయంత్రం దాని మొలకలు లెక్కపెడుతూ ఎక్కిస్తుండగానే కరెంటు పోయింది.

"నా గింజలెన్ని మొలిచినయ్ సారూ?" అన్నాడు లోపలికి తొంగి చూస్తూ.

"జర ఆగు మల్లన్నా. ముందుగాల ఈ పెట్టె మొలవాలె."

దీపిక కింది సొరుగును బయటికి లాగి, ఊది, గట్టిగా లోపలికి నెట్టింది. లైటు వెలిగింది. వెంటనే తెర మీద నల్లటి గడిలో ఒక ప్రశ్న వచ్చింది. ఆమె దాన్ని చదివి అందరికీ అర్థమయ్యేలా చెప్పింది.

"రెండు డిస్కులు ఒక్క తీరుగ లేవంట. పైదాంట్ల ఉన్నది కిందిదాని మీద రాయాల్నా అని అడుగుతుంది. అవునంటే కిందిదాంట్ల ఉన్నదంతా పోతది, పైదాంట్లది వచ్చి కూసుంటది. రెండూ మళ్ల ఒక్కటైతయి."

"మరి ఏది మంచిది?"

"పైది సాఫ్‌గ తెరుచుకుంది. కిందిదాంట్ల కరెంటు పోయినప్పటి తప్పులు మస్తున్నయి. చూసెటందుకైతే పైదే మంచిది." ఆమె అక్కడ ఆగింది. "గానీ ఒక్కటి సమజైతలేదు. పైదాంట్ల ఆఖరి తారీఖు అక్టోబర్ది. అక్టోబర్ల ఎవరన్నా డిస్కు బయటికి తీసిన్రా?"

ఆమె అందరి ముఖాలూ చూసింది.

"మేం ముట్టం మేడం," అన్నాడు కైలాసం. "ముడితే సారు ఊకుంటడా? నిరుడు నేను దీని మీద చాయ్ గిలాస పెట్టిననని రెండు రోజులు మాట్లాడలే."

సంతోష్‌రావు తెర మీది ఆఖరి మక్క లాటు తారీఖు చూస్తున్నాడు. అది దసరాకు ముందురోజు.

*

దసరా అంటే ఆయన ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పని చేసే ప్రతి వస్తువు ఆ రోజు భార్య దేవకి ముందుకు రావాలి. కాంటా, తేమ చూసే మీటరు, సంచులు కుట్టే మిషను, సంచిలో గుచ్చి గింజలు తీసే ఇనుప గొట్టం, అన్నీ పీట మీద వరుసగా పెట్టి ఆమె బొట్లు పెడుతుంది. పూర్వం ప్లాంటు చిన్నదిగా ఉన్నప్పుడు కంప్యూటర్ కూడా కారెక్కి ఇంటికి వచ్చేది. పోయిన దసరాకు మాత్రం చిక్కొచ్చింది. పచ్చి మక్క కంకులు డ్రయ్యర్లో ఉన్నాయి. వేడి ఎంతుందో కంప్యూటర్ అరగంటకోసారి చూసుకోవాలి. ఆపితే గింజలో ప్రాణం పోతుంది.

"అది రాకపోతే అన్నీ వచ్చి ఏం లాభమండి?" అంది దేవకి. "ఇంత పని చేసేది అదొక్కటే అంటరు. దానికే బొట్టు లేకపోతే ఎట్ల?"

అప్పుడు ఆయనకు ఒక ఉపాయం తోచింది. పెట్టె అమ్మినవాడు మొదటి రోజు ఆయన కళ్ల ముందే, కంప్యూటర్ నడుస్తుండగా ఒక డిస్కును లాగి చేతిలో పెట్టాడు. కంప్యూటర్ ఆగలేదు. 'చూసిన్రా సార్, ఒకటి లేకున్నా ఇంకొకటి నడుపుతది' అన్నాడు. సంతోష్‌రావుకు ఆ మాట నచ్చి, పెట్టె కొన్నాడు. రెండున్నాయి కదా. ఒకటి పూజకు వస్తుంది, ఒకటి పని చేస్తుంది. పనీ ఆగదు, పూజా ఆగదు. దసరా పొద్దున అందరూ టిఫిన్లకు వెళ్లిన సమయం చూసి పై డిస్కు లాగి, తువ్వాలలో చుట్టి ఇంటికి తీసుకుపోయాడు. దేవకి దాని ముఖాన పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపువ్వు ఉంచింది. పూజయ్యాక తుడిచి, తెచ్చి దాని సొరుగులో దాన్ని పెట్టాడు. ఇంత చక్కగా లెక్క కుదిరిన రోజు ఆ ఏడాది ఇంకొకటి లేదనుకున్నాడు.

ఆ సాయంత్రం నుంచి పై సొరుగు లైటు పచ్చగా కాక పసుపుగా వెలిగింది. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, వచ్చి చూడాలి సార్, వచ్చిపోయే ఖర్చు మీదే అన్నాడు. కంప్యూటర్ నడుస్తూనే ఉంది. నడిచేదానికి రిపేరు ఏమిటని సంతోష్‌రావు ఫోన్ పెట్టేశాడు. ఆ లైటు రోజూ కంట్లో పొడుస్తుంటే, సంచులకు అతికించే నంబరు చీటీ ఒకటి తెచ్చి దాని మీద అతికించాడు.

డిస్కు లాగడం ఆయన చూశాడు. తిరిగి పెట్టిన తర్వాత అమ్మినవాడు కీబోర్డు మీద ఏవో నాలుగు మాటలు కొట్టాడు. అది మాత్రం చూడలేదు.

*

"ఎవ్వరు తియ్యలేదంటే," అంటోంది దీపిక, "నిన్నటిదాంక రెండూ ఒక్కటే అన్నట్టు. ఆ తారీఖు గడబిడ లాట్ల ఫైలు ఒక్కదాంట్ల వచ్చినట్టు. అయితే పైదాంతోనే కిందిది సక్కగ చేసి, ఫైలు సంగతి తర్వాత చూస్తం. అంతేనా సార్? పక్కానా?"

ఆమె చెయ్యి కీబోర్డు మీదికి వెళ్లింది.

సంతోష్‌రావుకు లెక్క పూర్తయింది. చెబితే పోయేది ఏమిటి? గోడ మీది ఎర్ర అక్షరాల బరువు పోతుంది. కైలాసం పదేళ్లపాటు చెప్పుకుని నవ్వుతాడు. మల్లన్న నోట ఊరంతా తెలుస్తుంది. చెప్పకపోతే పోయేది? అరవై మూడు లాట్లు. ఇంత తేలిక లెక్కకు ఇంతసేపు ఎందుకు పట్టిందా అని తన మీద తనకే చిరాకొచ్చింది.

"ఆగు బిడ్డా. చెయ్యి తియ్యి."

దీపిక చెయ్యి గాలిలోనే ఆగింది.

"పై డిస్కు నేను తీసిన. దసరా నాడు."

"మీరా?" అన్నాడు కైలాసం.

"నేనే."

"ఎందుకు సార్?" అంది దీపిక.

"పూజకు."

దీపిక పెదవులు బిగించి తల వంచింది. నవ్వు ఆపుకుంటోందని భుజాలు చెప్పేశాయి.

"ఒక్క డిస్కుకే పూజా సార్? రెండోదేం పాపం చేసింది?"

"రెండోది పని మీద ఉండె గదా."

"అయితే పూజ మంచిగనే ముట్టింది సారూ," అన్నాడు గడప దగ్గరి మల్లన్న. "ఆ నాడు మీరు కూసుండవెట్టిన కాడ్నే కూసుంది. ఇంచు గూడ కదల్లే."

కైలాసం ఇంకా గోడ వైపే చూస్తున్నాడు. "గోడ మీద రాసింది మాకేనా సార్?"

"అందరికి రాసిన. నేను చదవలే." సంతోష్‌రావు ముందుకు వంగి, పై సొరుగు మీది చీటీని గోటితో పీకాడు. పసుపు లైటు బయటపడింది. "గిది గూడ నేనే అతికించిన. ఇగ నా తాన దాచిందేం లేదు. ఇప్పుడు చెప్పు బిడ్డా, ఏది ఉంచాలె, ఏది తియ్యాలె?"

దీపిక ఆ లైటును చూసి నిట్టూర్చింది.

"ఏడు నెలల సంది ఇది మొత్తుకుంటుంది సార్. మీరు దాని నోటికి చీటీ అతికించిన్రు. దీన్ని మళ్ల పెట్టినప్పుడు ఇద్దర్నీ కలుపుమని చెప్పాలె. చెప్పలే. అప్పటి సంది రాసిందంతా కింది దాంట్లనే పడ్డది. పైది దసరా కాడనే ఉంది. నిన్న కిందిది కనపడకపొయ్యేసరికి, నేనే పెద్దదాన్ని అని ఇది లేచింది." ఆమె కీబోర్డు వైపు చూసింది. "మీరు ఇంకో నిమిషం ఆలోచిస్తే నా చేతుల్తోనే వడ్ల మీద మక్కలు పోసేదాన్ని."

*

దీపిక పనిలో దిగింది. ముందు పెట్టెను ఆపేసింది. పై డిస్కును బయటికి లాగింది. దాని అంచున సందులో కుంకుమ ఎండి నల్లగా ఉంది. దానికి రబ్బరు బ్యాండు వేసి సంతోష్‌రావు చేతిలో పెట్టింది.

"ఇది మీ జేబులనే ఉండాలె. నేను అడిగినా ఇయ్యకుండ్రి."

తర్వాత కింది డిస్కు తీసి తన ల్యాప్‌టాప్‌కు ఒక చిన్న డబ్బాతో కలిపింది. ఆ డబ్బా ఉంటే డిస్కును చదవగలమే గానీ, దాని మీద ఒక్క అక్షరం రాయలేమని చెప్పింది. అందులో ఉన్నదంతా ఉన్నట్టు కొత్త డిస్కు మీదికి ఎత్తాలి. దెబ్బ తగిలినదాన్ని సరిచేయడం ఆ కొత్తదాని మీదే.

"అసలుదాన్ని ముట్టకుంట నకలు మీద పని చేస్తవన్నట్టు."

"అంతే సార్."

ఆ మాట సంతోష్‌రావుకు బాగా తెలిసినదే. ఏ లాటు వచ్చినా నమూనా రెండు పొట్లాలు కట్టిస్తాడు. ఒకటి పరీక్షకు వెళ్తుంది. రెండోది సీలు వేసి అరలోకి వెళ్తుంది. తగువు వస్తే తప్ప దాన్ని విప్పరు. గింజల విషయంలో ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని ఈ పెట్టె విషయంలో ఎందుకు చేయలేదో ఆయన ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించాల్సింది జనరేటర్ గురించి. ఫ్యాన్లు, ఏసీ, షెడ్డు మోటార్లు అన్నీ ఆపించాడు. ఆ ఒక్క గదికి తప్ప కరెంటు ఎక్కడికీ పోకూడదన్నాడు. డీజిల్ డబ్బాతో కైలాసాన్ని జనరేటర్ దగ్గర నిలబెట్టాడు.

"ఇది ఆగితే నేనే వచ్చి నిన్ను తిప్పుత," అన్నాడు.

"ఆగదు సార్. దీన్ని ఎవ్వరు పూజకు తీస్కపోలే," అన్నాడు కైలాసం. పదేళ్లలో మొదటిసారి ఆయన ముందు అంత ధైర్యంగా నవ్వాడు. సంతోష్‌రావు దాన్ని పోయిన వరుసలో వేసి ముందుకు నడిచాడు.

పదకొండున్నరకు నకలు నూటికి డెబ్బై ఒకటి దగ్గర నిలిచిపోయింది. డిస్కు లోపల కటకటమని చప్పుడు. ఉక్కకు దీపిక మెడ వెంట చెమట కారుతోంది, ఆమె తుడుచుకోవడం లేదు.

"ఏమైంది?"

"కరెంటు పోయినప్పుడు రాస్తున్న చోటు ఇదే సార్. అక్కడ గీత పడ్డది. మళ్ల మళ్ల చదివి చూస్తుంది."

"చదవకపోతే?"

"ఆ ముక్క ఇడిసిపెట్టి మిగతాది ఎత్తుతం."

"ఆ ముక్కల ఏముంటది?"

"నిన్న నాలుగింటికి ఏం రాస్తున్రో, అది."

గడప దగ్గర మల్లన్న లేచి నిలబడ్డాడు. ఆయనకు డిస్కుల సంగతి తెలియదు. నిన్న నాలుగింటికి రాస్తున్నది తన పేరని మాత్రం తెలుసు.

చప్పుడు ఆగింది. అంకె డెబ్బై రెండుకు కదిలింది, ఆ తర్వాత గబగబా పైకి పోయింది. పన్నెండున్నరకు కొత్త డిస్కును పెట్టెలో పెట్టి లేపారు. దెబ్బతిన్నవాటిని సరిచేసే పని ఇరవై నిమిషాలు నడిచింది. ఒంటిగంటకు తెర మీద వరి లాట్లు వరుసగా దిగాయి.

"ఎన్ని?" అన్నాడు సంతోష్‌రావు.

"అరవై మూడు."

ఆయన నవ్వలేదు, కుర్చీలోంచి లేవనూ లేదు. "కైలాసం, అరల నుంచి సీలు పొట్లాలు తీస్కరా. ఏవన్న నాలుగు. నువ్వే ఏరు, నాకు చూపియ్యకు."

పొట్లం మీద నంబరు, సీలు వేసిన తారీఖు, ఆ రోజు తేమ పెన్సిలుతో రాసి ఉంటాయి. కైలాసం నంబరు చదివితే దీపిక తెర మీద తేమ చెప్పింది.

"పదిహేడు."

"పన్నెండు పాయింటు నాలుగు."

"కరెక్టే. నలభై."

"పదకొండు పాయింటు తొమ్మిది."

నాలుగూ కలిశాయి. ఆయన ఇంకో ఆరు తెప్పించాడు. అవీ కలిశాయి. అప్పుడు ఆయన వెనక్కి వాలాడు.

"ఇప్పుడు నమ్ముత. అరవై మూడోది చదువు."

దీపిక చదివింది. పేరు ఉంది. పొలం నంబరు ఉంది. తేమ ఉంది. మొలక ఫలితం ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది. చదవలేక విడిచిపెట్టిన ముక్క అదే.

"అరవై రెండు పోతయి. నాదొక్కటి మిల్లుకా సారూ?" అన్నాడు మల్లన్న. గొంతులో కోపం లేదు. ఎవరైనా చెబితే విని ఇంటికి పోదామన్నట్టుంది.

"ఎవ్వరన్నరు?" సంతోష్‌రావు లేచాడు. "కైలాసం, నిన్న ఈయన గింజలు మొలకేసిన తడికాగితాలు ఏం చేసినవ్?"

"నాలుగిట్ల రెండు చుట్టలు లెక్కవెట్టిన సార్. కరెంటు పోయింది. తడి గోనెపట్ట కప్పి పెట్టిన. ఇందాక గూడ నీళ్లు చల్లిన."

"పారెయ్యలే?"

"మల్లన్న కూసున్నడు గదా సార్ గడపల. ఈయన చూడకుంట ఎట్ల పారేస్త?"

సంతోష్‌రావు కైలాసం భుజం మీద చెయ్యి వేశాడు. పొద్దుటి నుంచి ఉన్నది అనే వరుసలో చేరిన వాటిలో ఇదే పెద్దది.

*

నాలుగు చుట్టలూ వరండాలో బల్ల మీద పరిచారు. ఒక్కో తడికాగితంలో వంద గింజలు, పద్నాలుగు రోజుల మొలకలు. నిన్నటి నుంచి చల్లదనం లేక కొన్నింటి కొసలు వాడాయి. వేరూ మొలకా రెండూ సరిగ్గా ఉన్నదాన్నే మంచిదిగా లెక్కపెట్టాలి. వంకరవి, కుళ్లినవి, మొలవనివి పక్కకు పోతాయి. నూటికి ఎనభై దాటితేనే విత్తనం. లేకపోతే వడ్లు.

సంతోష్‌రావు అద్దాలు పెట్టుకుని తనే కూర్చున్నాడు. మల్లన్నను ఎదురుగా కూర్చోబెట్టాడు.

"నీకు అనుమానమొచ్చిన కాడ ఆపు. మొఖమాటం వద్దు."

"మీకొస్తే గూడ ఆపుండ్రి," అన్నాడు మల్లన్న.

మొదటి చుట్ట ఎనభై ఏడు. రెండోది ఎనభై నాలుగు. కైలాసం నిన్న లెక్కపెట్టినవి అవే, అంకెలు గుర్తున్నాయన్నాడు, సరిపోయాయి. మూడో చుట్టలో ఒక మొలకను సంతోష్‌రావు మంచి వైపు పెట్టబోతే మల్లన్నే వేలు అడ్డం పెట్టాడు.

"అది వంకర సారూ."

"నీదే గదనయ్యా లాటు!"

"నాదైతే మాత్రం? వంకర వంకరే. రేపు ఇంకోని మడిల పడుతది."

సంతోష్‌రావు ఆ మొలకను పక్కకు జరిపాడు. అది పోగా మూడోది తొంభై. నాలుగోది ఎనభై మూడు. దీపిక నోటితోనే కలిపి నాలుగుతో భాగించింది.

"ఎనభై ఆరు."

మల్లన్న తల మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకుని, మళ్లీ తలకు చుట్టుకున్నాడు. "ఎక్కియ్యమ్మా," అన్నాడు దీపికతో. "కరెంటు ఉండంగనే ఎక్కియ్యి."

ఆమె ఎక్కించింది. ఈసారి అరవై మూడు లాట్లనూ కాగితం మీద కూడా అచ్చు తీయించాడు సంతోష్‌రావు. మూడింటికి పది నిమిషాల ముందే మొదటి లారీ హారన్ వినిపించింది. కంపెనీ మనిషి దిగి, జాబితా తీసుకుని, పైనుంచి కిందికి వేలు జరిపి, ఆఖరి వరుస దగ్గర సంతకం పెట్టాడు. రేకులు ఎగిరిన షెడ్డు చూసి, "మస్తు నష్టమైనట్టుంది రావుసాబ్," అన్నాడు.

"రిపేరే," అన్నాడు సంతోష్‌రావు.

నాలుగింటికి, నిన్న కరెంటు పోయిన వేళకే, దీపిక పై సొరుగులో ఇంకో కొత్త డిస్కు పెట్టింది. కీబోర్డు మీద నాలుగు మాటలు కొట్టింది. ఈసారి సంతోష్‌రావు కుర్చీ జరుపుకుని ఆ నాలుగు మాటలూ చూశాడు, కాగితం మీద రాసుకున్నాడు, మళ్లీ చదివించుకున్నాడు. పై లైటు పసుపుగా కొట్టుకుంటోంది.

"రెండు గంటలైతది సార్. పచ్చగైతే కలిసినట్టు. రేపటి సంది ఇది పసుపైతే చీటీ గాదు, నాకు ఫోన్ చెయ్యాలె. వారానికొకపారి దీని నకలు తీసి ఇంట్ల పెట్టుకోండ్రి. కొమ్మ పెట్టె మీదనే పడితే రెండు డిస్కులు ఒక్కపారే పోతయి."

"ఇంట్ల పెడ్త." జేబులోంచి రబ్బరు బ్యాండు వేసిన పాత డిస్కు తీశాడు. "మరి దీన్ని?"

"మీ ఇష్టం. తుడిచేసి వాడుకోవచ్చు."

ఆయన దేవకికి ఫోన్ చేశాడు.

"దసరాకు బొట్టు పెట్టిన డిస్కు యాదికుందా? అది ఇంటికి వస్తుంది. ఇగ నీ దగ్గర్నే ఉంటది."

"ఎందుకండి? ఖరాబైందా?"

"ఖరాబు కాలే. రిటైరైంది."

"మరి వచ్చే దసరాకు ఎట్ల? పెట్టెకు పూజ వద్దా?"

"నువ్వే రా ఇక్కడికి. రెండిటికి పెట్టు బొట్టు, బయటినుంచి."

అవతల ఆమె, "ఇరవై ఏండ్లైంది, ఒక్కపారి రమ్మనలే," అంది.

"ఇప్పుడు రమ్మంటున్న గదా."

ఫోన్ పెట్టేసి చూసేసరికి కైలాసం గోడ ముందు ఎర్రరంగు డబ్బాతో నిలబడి ఉన్నాడు. 'ఎవరూ ముట్టరాదు' కింద ఇంకో వరుసకు చోటుంది. బ్రష్షు ముంచాడు గానీ రాయలేక ఆయన ముఖం చూస్తున్నాడు.

"ఏం చూస్తున్నవ్? రాయి," అన్నాడు సంతోష్‌రావు. "నా పేరు పూర్తిగ రాయి. పెద్దక్షరాలు."